పచ్చకోట, నల్లకోట

మొన్నామధ్య మా అబ్బాయి కంప్యూటర్ ముందు ఓ పూటంతా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంటే, ఉద్యోగం గాని ఊడిందేమోనని హడలిపోయాను. తీరా చూస్తే అదేదో మాయలోకపు ఆటట, అందులో అడవి జనానికీ రాజు సైన్యానికీ యుద్ధమట, ఏదో ఒక పక్షాన చేరితే తప్ప కథ కదలదట. "అమ్మా, ఎటు దిక్కు పోవాలె?" అని నన్నే అడిగాడు. ఇద్దరి గోడూ వినకుండా ఎట్లా చెప్పను నాయనా అంటే, నవ్వి మళ్ళీ ఆటలో పడ్డాడు. నేను మాత్రం చంద్రపూర్‌లోని ఈ మూడో అంతస్తు నుంచి జారి, సాస్తి బొగ్గుగని క్వార్టర్లలో మా అక్క పరిచిన చాప మీద పడ్డాను.

రంగుల టీవీలు ఒక్కొక్కటిగా ఇళ్ళలోకి వస్తున్న రోజులవి. అందరి నోటా కొత్త కంపెనీలు, కొత్త సరుకుల ముచ్చట్లే. మా ఇంట్లో మాత్రం అక్క చేసిన ఆటే గొప్ప. పాత క్యాలెండర్ వెనక గళ్ళు గీసి, ఓ కొసన పచ్చకోట, ఇంకో కొసన నల్లకోట పెట్టి, మధ్యలో భూమి కింద ఓ భూతాన్ని నిద్రపుచ్చింది. పచ్చకోటకు పావులు పత్తిగింజలు, నల్లకోటకు బొగ్గుముక్కలు. తలా ఒక వేషం. నియమాలు తెలుగులోనే రాసింది గాని మరాఠీ అక్షరాలతో, మాకు బడిలో వచ్చిన అక్షరాలవే మరి. గవ్వలు వేసేముందు తన వేషం తరఫున కారణం చెప్పాలి, కారణం లేని ఎత్తు చెల్లదు. ఎవరి పావైనా పొలాల గడిలో, అంటే ఎడ్లకు పూజ చేసే పొలాల అమావాస్య పేరు పెట్టిన గడిలో, పడిందా, అందరూ కోటలు మార్చుకుని అవతలివాళ్ళ తరఫున ఆడాలి. ఎప్పుడూ పచ్చకోటే కావాలని నేను పెట్టే పేచీకి విరుగుడుగా ఆ నియమం పుట్టిందని నా అనుమానం.

నాన్న గోదావరి అవతలి నుంచి బొగ్గుపనికి వచ్చినవాడు. అమ్మది రాజురా పక్క పల్లెలో తరతరాలుగా పత్తి పండించే ఇల్లు, ఆమెకు ఒక్కడే తమ్ముడు. గని పెరుగుతూ పెరుగుతూ ఆ మామ చేను గట్టుదాకా వచ్చింది. చేను రాసిస్తే పైకం, ఇంటికొక నౌకరీ అన్నారు గనివాళ్ళు. రాసివ్వడానికి మామకు చెయ్యి రాలేదు. నాన్న ఆదివారమాదివారం సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, ఇచ్చెయ్యమని నచ్చజెప్పేవాడు. మామకు నాన్న మాట వేదవాక్కు. అమ్మ మధ్యన నలిగిపోయింది. ఆ ఏడు పొలాల పండుగకు మామ ఎడ్లను ముస్తాబు చేసి మా గుమ్మానికి తోలుకురాలేదు. హారతి పళ్ళెం పట్టుకుని పొద్దుగూకేదాకా నిలబడిన అమ్మను చూస్తే నాకు నాన్న మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

రెండు వారాలకు, ఓ ఆదివారం మధ్యాహ్నం మామే వచ్చాడు. వచ్చి, తలగుడ్డ విప్పి మడతపెడుతూ కూర్చున్నాడు. అమ్మ చాయ్ పెట్టడానికి లేచింది. వాళ్ళిద్దరి మధ్య బిగువు చూడలేక అక్క పెద్దవాళ్ళిద్దర్నీ ఆటలోకి లాగి మామకు పచ్చకోట, నాన్నకు నల్లకోట ఇచ్చింది. నాలుగు ఎత్తులు కాకముందే నా పావు పొలాల గడిలో పడి అంతా తారుమారైంది. నల్లకోట దొరగా మామ చేను అడగాల్సి వచ్చింది. నెలనెలా జీతం, పిల్లల చదువు, వానకోసం మొగులు చూసే బాధ లేకపోవడం... నాన్న ఆదివారాలు చెప్పిన కారణాలన్నీ పొల్లు పోకుండా అప్పజెప్పాడు.

పచ్చకోట తరఫున నాన్న పత్తిగింజలన్నీ గుప్పిట్లోకి తీసుకున్నాడు. "నేనియ్య. చేను లేకనే గద నేను ఊరిడిసి బొగ్గుల దిగింది. ఉన్నోన్ని, ఎందుకిస్త?"

మేమిద్దరం చప్పట్లు కొట్టాం. మామ నవ్వలేదు. "గీ మాట ముందుగాల చెప్పకపోతివి బావా," అన్నాడు మెల్లగా, "నిన్ననే సంతకం పెట్టిన."

మామ గనిలో చేరాడు, పిల్లల్ని చదివించుకున్నాడు, పింఛను తిన్నాడు. నాన్నను ఒక్కనాడూ నిష్ఠూరమాడలేదు. నాన్నే, ఆ తర్వాత ఎవరేం సలహా అడిగినా మీ ఇష్టం అనడం నేర్చుకున్నాడు. ఈ రోజుల్లో పొద్దున లేవగానే ఫోనులో పక్షం తేల్చేసుకునేవాళ్ళను చూస్తే, ఒక్క పూట చాపకు అవతలి పక్కన కూర్చోబెట్టే మా అక్కలాంటిది ప్రతి ఇంట్లో ఉంటే బాగుండుననిపిస్తుంది. కానీ ఆ మధ్యాహ్నం తలుచుకుంటే, అది కూడా వేళకు జరగాలి కదా అనుకుంటాను.

రాజురా బస్సు గని పక్కగా పోయేటప్పుడు మామ కిటికీలోంచి, ఇక్కడి నుంచి అదిగో అక్కడిదాకా మనదే అని మాకు చూపించేవాడు. నాన్న నిద్ర నటించేవాడు. ఇప్పుడు ఇద్దరూ లేరు, గని ఇంకా వెడల్పయింది, మామ చెయ్యి చాపిన చోటేదో ఎంత వెతికినా నాకు ఆనవాలు దొరకదు.