పన్నెండు రోజుల చల్లార్పు

ఆ పరిశోధనశాలలో అందరూ ఆవిడను పిన్ని అంటారు. ప్రొఫెసరుగారు ఒక్కరే ‘ఏమండీ’ అంటారు. ఇరవై ఆరేళ్లు పక్కపక్క గదుల్లో పనిచేసినా అంతకన్నా దగ్గరి పిలుపు ఇద్దరి నోటా రాలేదు.

పిన్ని పని స్ఫటికాలు పెంచడం. పొడులు కలిపి, మూసలో పోసి, కరెంటు కొలిమిలో కరిగించి, ఆ తర్వాత గంటకు ఒక్క డిగ్రీ చొప్పున చల్లారుస్తుంది. నలభై రోజుల పై మాటే. మూడు వందల డిగ్రీల దగ్గర స్ఫటికపు రాయి లోలోపల సర్దుకుంటుంది. అక్కడ తొందరపెడితే పగులుతుంది. ఇంతకుముందు రెండుసార్లు పగిలింది. దేనికి పనికొస్తుందని ఎవరో అడిగితే, “తెలిస్తే పెంచడమెందుకు?” అంది. అందులో వేడి ఎలా పాకుతుందో కొలిచి చూడాలి, అంతే. అలాంటి పనికి ప్రభుత్వం తప్ప ఎవరూ డబ్బివ్వరు.

చల్లార్పు నడిచినన్నాళ్లూ పిన్ని ఊరు కదలదు. కుర్చీ, గడియారం, కొలిమి రొద. మధ్యాహ్నాలు చెల్లెలు ఫోన్ చేస్తుంది.

“మనవరాలు పుట్టి నెలయింది. ఎప్పుడొస్తావక్కా?”

“ఇంకో పన్నెండు రోజులే.”

“పొయ్యి మీద పాలున్నాయి, రాలేననేవాళ్లను చూశాను. నలభై రోజులు కాగే పాలు నీ దగ్గరే చూస్తున్నా.”

“చల్లారే పాలే ఇవి. ఎవరికప్పగించి రాను?”

ఆ రోజే పరిశోధనలకు నిధులిచ్చే ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పని పూర్తయినందున పథకం నెలాఖరుతో ముగుస్తుందట, కొలిమి గదికి కరెంటు ఆపేయాలట. నెలాఖరు మూడు రోజుల్లో ఉంది.

పిన్ని ఆ కాగితం పట్టుకుని పక్క గదికి వెళ్లింది. “పూర్తయిందని వాళ్లకెవరు చెప్పారండీ?”

ప్రొఫెసరుగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. “నేనేనండీ.”

వాళ్ల రంగంలో అదొక అలవాటు. కాబోయేది అయినట్టే రాస్తారు. లేకపోతే వచ్చే ఏటికి నమ్మి ఇవ్వరని భయం. ఆయనా అలాగే రాశారు. రెండోసారి పగిలిన రాయిని మంచి వైపు తిప్పి ఫోటో కూడా జతచేశారు. గోడకు పెట్టే బొమ్మ కోసమనుకుని, ఆ ఫోటోకు దీపం పట్టుకుంది పిన్నే. ఆఫీసువాళ్లు నమ్మారు. అయిపోయిన పనికి మళ్లీ ఎందుకివ్వడం అనుకున్నారు.

“మూడు రోజుల్లో చల్లార్చలేమా?” అన్నారాయన.

“మీరు కూడా అడగాల్సిన మాటేనా?”

ఆయన ఆ కాగితం అందుకుని తేదీ చూశారు. “అబద్ధం రాశానని ఒప్పుకుంటే పన్నెండు రోజులిస్తారేమో. ఆ తర్వాత ఈ గదికి ఇంకేమీ రాదండీ.”

“ఒప్పుకోకపోతే మాత్రం ఏమొస్తుంది?”

ఆయన నిజం రాసి మెయిల్ పంపారు. మర్నాడు ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. “కానిది అయిందని రాసేవాళ్లు రోజూ తగుల్తారు. కాలేదని చెప్పుకున్నవాళ్లు మీరే మొదలు సార్,” అంది. గొంతులో కోపం లేదు. పన్నెండు రోజులిచ్చింది. వచ్చే ఏటి దరఖాస్తు మాత్రం తీసుకునేది లేదంది.

ఇక నిధులు రావని తెలిసి ఆయన పరిశోధక విద్యార్థులు ఇద్దరూ వేరే ప్రొఫెసర్ల దగ్గరకు మారిపోయారు. పన్నెండు రోజులూ పిన్ని ఒక్కతే డిగ్రీలు రాసుకుంటూ కూర్చుంది. పదమూడో రోజు పొద్దున మూస విప్పితే గోరంత రాయి, ఎక్కడా చీలిక లేకుండా, తేనె రంగులో ఉంది. ప్రొఫెసరుగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని, “బాగుందండీ,” అన్నారు. కొలిచే యంత్రం వేరే ఊళ్లో ఉంది కాబట్టి దూదిలో చుట్టి అక్కడికి పంపారు. సాయంత్రానికి కరెంటువాళ్లొచ్చి కొలిమి తీగలు విప్పేశారు. రొద ఆగిన గదిలో తన చెప్పుల చప్పుడు పిన్నికే కొత్తగా వినిపించింది.

రెండు నెలలకు కొలిచినవాళ్ల నుంచి జవాబొచ్చింది. వేడి ఆ రాయిలో ఒక దిక్కున పాకుతోందట, ఇంకో దిక్కున దాదాపు ఆగిపోతోందట. తాము పొరబడ్డామేమో తేల్చుకోవాలి, ఇలాంటివే మరో మూడు పంపగలరా అని అడిగారు.

పిన్ని ఉత్తరం రెండుసార్లు చదివింది. తర్వాత పొడుల పాళ్లు, మూస మందం, ఏ గంటకు ఎన్ని డిగ్రీలో అన్నీ నాలుగు పేజీల్లో పూసగుచ్చినట్టు రాసి, మీరే పెంచుకోండి అంది. గదిలో ఫోన్ తీసేశారు కాబట్టి అడుగున ఇంటి నంబరు వేసింది. దాని కింద ఇంకో ముక్క చేర్చింది: “సందేహమొస్తే ఎప్పుడైనా చేయండి. ఖాళీగానే ఉంటాను.”