బ్రేకు మీద కాలు ఎవరిది?

మా షెడ్డులో నాకు కోతలరాయుడని పేరు. ఒప్పుకుంటాను. రెండు కిలోల వంజరం చేపని ఐదు కిలోలని చెప్పిన మాట నిజమే. కానీ ఇది ఆ బాపతు కాదు. ఇందులో ఒక్క ముక్క కల్పించి చెప్పినా నా రెండు చేతులూ పడిపోవాలి. మెకానిక్కుకి అంతకన్నా పెద్ద ఒట్టు ఉండదు.

పోర్టులో కంటైనర్లు లాగే ట్రక్కులకి మెకానిక్కుని నేను. గాజువాక దాటాక ఒక కాంట్రాక్టరు షెడ్డు మాది. ఆ బండ్లకి క్లచ్ ఉండదు, అన్నీ ఆటోమేటిక్ గేర్లే. పగలంతా పోర్టులో తిరుగుతూనే ఉంటాయి. అందుకే గేరుబాక్సు ఆయిలు, ఫిల్టర్లు మార్చాలంటే రాత్రి షిఫ్టు దిగాక మాకు దొరికే నాలుగు గంటలే గతి. ఆ రాత్రి వచ్చింది పద్నాలుగో నంబరు బండి. దాని డ్రైవరు గోవిందు, మా అక్క మొగుడు. మా నాన్న పోయాక నన్ను ఇంట్లో పెట్టుకుని, ఐటీఐ చదివించి, ఈ పనిలో చేర్పించింది ఆయనే. బావ అంటాను గానీ నాకు తండ్రి లెక్క.

పాత ఆయిలు దింపాను. కొత్తది ఎర్రగా ఉంటుంది. ఇది డికాషన్ రంగుకి తిరిగిపోయింది. డ్రెయిన్ బోల్టుకి ఉన్న అయస్కాంతం మీద కాటుకలాంటి ఇనుప పొడి. అది మామూలే. ముక్కలు కనబడితే భయపడాలి... ముక్కల్లేవు. ఫిల్టర్లు రెండూ మార్చాను. మూతలు బిగించాను. కొత్త ఆయిలు పోశాను. అంతవరకు ఏమీ లేదు.

ఇప్పుడు మా పద్ధతి ఒకటి చెప్పాలి. ఆయిలు మార్చాక ఇంజను ఆన్ చేసి, బ్రేకు తొక్కిపట్టి, గేర్లన్నీ ఒక్కొక్కటిగా వెయ్యాలి. కొత్త ఆయిలు మూలమూలకీ పోవాలి కదా. ఇంజను మోతలో కిందివాడు అరిచినా పైవాడికి వినబడదు. అందుకని కిందివాడు స్పానరుతో చాసిస్ మీద, అంటే బండి ఇనుప చట్రం మీద కొడతాడు. ఒక దెబ్బ... రివర్సు. రెండు... న్యూట్రల్. మూడు... డ్రైవు. నాలుగు కొడితే పనైపోయింది, దిగిపొమ్మని. పైవాడు గేరు వెయ్యగానే మడమతో క్యాబిన్ నేల మీద ఒక్కటి తంతాడు, వేశానని.

గేరులో ఉన్న బండి కింద మనిషి ఉండకూడదు. మా షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంది. కానీ గేరు పడితేనే ఆయిలుకి ఒత్తిడి వస్తుంది, ఒత్తిడి వస్తేనే ఫిల్టరు మూత కారుతోందో లేదో తెలుస్తుంది. అందుకని దూరుతాం. అందరం దూరుతాం. ఆ రోజు నేను ఇంకో వెధవ పని కూడా చేశాను. చక్రాలకి అడ్డం పెట్టే చెక్క దిమ్మలు పక్క బండికి ఉన్నాయి. వెళ్లి తెచ్చుకోవడానికి బద్ధకించాను. పైన ఉన్నది బావ కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

"మూడు రౌండ్లు ఏద్దుం బావా. బ్రేకు మీంచి కాలు తీకు" అన్నాను.

"నాకు సెప్తావేట్రా సూరీ! నీకు నిక్కరు ఏసుకోడం రానప్పటి నుంచి బళ్లు తోల్తన్నాను" అని నవ్వుతూ ఎక్కి కూర్చున్నాడు.

చక్రాల పలక మీద పడుకుని, తలకి లైటు కట్టుకుని, కిందికి దూరాను. ముందు చక్రం నా పక్కటెముకలకి జానెడు దూరంలో ఉంది.

టంగ్. వెంటనే గేరు పడింది. బండి వెనక్కి ఒక్క లాగు లాగి ఆగింది. పైన ధన్‌మని బూటు దెబ్బ. టంగ్ టంగ్... ధన్. టంగ్ టంగ్ టంగ్... ధన్. మొదటి రౌండు అయిపోయింది. రెండు దెబ్బలు కొట్టి మళ్లీ న్యూట్రల్‌కి తెప్పించాను. అప్పుడు చేతి జిడ్డుకి స్పానరు జారి సిమెంటు మీద పడింది. తడుముకుని తీసుకున్నాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

రెండో రౌండు. ఒక దెబ్బ కొట్టాను.

ఏమీ లేదు...

బావ ఫోను చూసుకుంటున్నాడేమో అనుకున్నాను. మళ్లీ కొడదామని చెయ్యెత్తానో లేదో, గేరు పడింది. ఎంత మెత్తగా పడిందో చెప్పలేను. బండి కదిలినట్టే లేదు, చెవి దగ్గర ఆయిలు గొట్టం సన్నగా మూలిగితే తెలిసింది. ఆ తర్వాత పైన... తప్... అని చప్పుడు. బూటు దెబ్బ కాదది. ఒట్టి పాదం ఆనించినట్టుంది. బూట్లు విప్పేసుంటాడులే అనుకున్నాను. రెండు దెబ్బలు కొట్టాను. మళ్లీ అంతే ఆలస్యం. మళ్లీ మెత్తగా... తప్.

నిజం చెబుతున్నాను, నాకు భయం వెయ్యలేదు. ముచ్చటేసింది. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత నున్నగా గేరు వేసిన మనిషిని చూడలేదు. బావ మామూలుగా గేరు వేస్తే కడుపులో పేగులు కదులుతాయి. ఇదెలా వేస్తున్నాడబ్బా అనుకున్నాను. మూడో రౌండు కూడా అలాగే నడిచింది. డ్రైవులో పెట్టించి, ఫిల్టరు మూతల చుట్టూ గుడ్డతో తుడిచి, చెమ్మ వస్తోందేమోనని చూస్తూ పడుకున్నాను. ఎంతసేపు చూశానో... ఇప్పుడు ఎంత తలుచుకున్నా గుర్తు రాదు. మూతలు కారలేదు.

నాలుగు దెబ్బలు కొట్టి చెప్పాల్సింది. కొట్టలేదు. కాలు ఎలా పెట్టాడో నా కళ్లతో చూడాలని, చప్పుడు చెయ్యకుండా పలక దిగి, దాన్ని చక్రం ముందే వదిలేసి బయటికి పాకాను. మెట్టెక్కి తలుపు తీశాను.

క్యాబిన్‌లో ఎవరూ లేరు.

ఇంజను తిరుగుతోంది. డ్యాష్‌బోర్డు మీద ఆకుపచ్చగా డ్రైవు గుర్తు. హ్యాండ్ బ్రేకు... విడిచి ఉంది. చక్రాలకి దిమ్మల్లేవు. అయినా బండి కదలడం లేదు.

అప్పుడు సీటు చూశాను. ఆ సీట్ల కింద గాలి సంచి ఉంటుంది. మనిషి కూర్చుంటే సీటు దిగుతుంది, లేస్తే గాలి నిండి పైకొస్తుంది. సీటు... దిగి ఉంది. మధ్యలో రెక్సిన్ గుంట పడి ఉంది. నేను తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎవరో నన్ను చూసి, సర్లే వచ్చేశావు కదా అని లేచినట్టు... స్స్‌స్స్... అంటూ సీటు నెమ్మదిగా... చాలా నెమ్మదిగా... పైకి లేచింది. గుంట సర్దుకుంది.

బండి కదిలింది.

ఎలా దూకానో తెలియదు. రెండు చేతులతో బ్రేకు పెడలు మీద పడ్డాను. హ్యాండ్ బ్రేకు లాగి తాళం తిప్పేశాను. అంతా నిశ్శబ్దం. దిగి చూస్తే, అప్పటిదాకా నేను పడుకున్న పలక ముందు చక్రం కింద రెండు ముక్కలై ఉంది. నేను కింద కూర్చుని ఏడ్చాను. సిగ్గులేదు చెప్పుకోవడానికి, వెక్కివెక్కి ఏడ్చాను.

అప్పుడొచ్చాడు బావ గేటు వైపు నుంచి, రెండు పేపరు కప్పుల్లో టీ పట్టుకుని. కాళ్లకి బూట్లున్నాయి.

"ఏట్రా, ఏటైనాది?"

"ఎక్కడికెల్లిపోనావు బావా? బండి కింద నన్నొగ్గేసి ఎక్కడికెల్లిపోనావు?"

"ఒగ్గేడవేటి? నువ్వే గదా నాలుగు కొట్టినావు!"

"నాను కొట్టనేదు."

"కొట్టినావురా! ఒక రౌండు అవగానే టకటకా నాలుగు కొట్టినావు. మూడని సెప్పి ఒకటికే సాలించేసినాడేటీ అనుకున్నాను. ఆయిలు లెవలు సూస్తావు గదాని ఇంజను ఆపనేదు. న్యూట్రల్లోనే ఉంది, హ్యాండ్ బ్రేకు లాగి దిగినాను. మీ అక్క మీద ఒట్టు."

ఆయన చేతిలో టీ ఒలికి వేళ్ల మీద పడుతోంది. వేడి కూడా తెలియడం లేదు ఆయనకి.

అప్పటి నుంచి నాకు ఇదే యావ. ఖాళీ దొరికితే పద్నాలుగో నంబరు దగ్గరికే పోయేవాణ్ణి. స్పానరు సిమెంటు మీద పడేసి చూశాను. ఒకసారి రెండు గెంతులు గెంతుతుంది, ఒకసారి ఐదు. ఒక్కసారి సరిగ్గా నాలుగు గెంతింది. సరే, బావ విన్నది అదే అనుకుందాం. బ్రేకు తొక్కకుండా డ్రైవు వేసి చూశాను. పడదు, కుయ్‌మని అరుస్తుంది. మరి రెండు రౌండ్లు బ్రేకు తొక్కిందెవరు? సీటులో కూర్చుని లేచి చూశాను. మూడు లెక్కపెట్టేలోపు పైకొచ్చేస్తుంది. కానీ గాలి గొట్టం పాతది, అప్పుడప్పుడు ఇరుక్కుంటుంది కూడా. షెడ్డు నేల వెనక్కి కాస్త వాలు. కొత్త ఆయిలుతో గేరు పట్టు అందుకునేదాకా బండి ఆ వాలు మీద కదలకుండా నిలబడి ఉండొచ్చు.

ఇవన్నీ కలిపితే కథ వేరే అవుతుంది. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. బావే మూడు రౌండ్లూ వేశాడు. డ్రైవరు కదా, చెయ్యి అలవాటు కొద్దీ హ్యాండ్ బ్రేకు విడిచేసింది. నేను కింద మూతలు తుడుస్తుంటే ఏదో చప్పుడు విని, గేరులో ఉన్న బండిని నా మీద వదిలేసి టీకి వెళ్లిపోయాడు. ఆ మెత్తటి పాదం చప్పుడు ఒక్కటే ఇందులో ఇమడదు.

ఒకరోజు అక్క అన్నం వడ్డిస్తుంటే, ఆమె వంటింట్లోకి వెళ్లగానే బావ తల ఎత్తకుండా అడిగాడు. "నన్ను నమ్మినావా నేదా సూరీ?"

"నమ్మినాను బావా" అన్నాను.

మా గేటు దగ్గర కెమెరా ఉంది. బావ ఎన్ని గంటలకి బయటికి వెళ్లాడో నిమిషంతో సహా పడి ఉంటుంది. ఇంజను ఎన్నింటికి ఆన్ చేశామో రిజిస్టరులో రాశాను. రెండూ పక్కపక్కన పెడితే చాలు. వాచ్‌మన్ తనంతట తనే అన్నాడు, "ఏటి సూరీ, కెమెరాలో సూసేద్దుమా? పదిహేను రోజులే ఉంటాది, తర్వాత సెరిగిపోద్ది."

స్పానరు గెంతులు కూడా లెక్కపెట్టిన వాణ్ణి... అది మాత్రం చూడలేదు. బావ మూడు రౌండ్లూ అయ్యాక వెళ్లాడని తేలితే అక్క ఇంట్లో ముద్ద మింగలేను. మొదటి రౌండుకే వెళ్లాడని తేలితే మళ్లీ ఏ బండి కిందికీ దూరలేను. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటూ పదిహేను రోజులూ గడిపేశాను.

పదహారో రోజు పొద్దున గేటు దగ్గర ఆగి, మాటల్లో మాటగా అడిగాను, "అది సెరిగిపోనాదా?"

"రాత్రే సెరిగిపోనాది సూరీ" అన్నాడు వాచ్‌మన్. తర్వాత నా మొహంలోకి వింతగా చూశాడు.

"ఏటో గానీ... ఇందాక మీ బావ కూడా వచ్చి ఇదే అడిగెల్లినాడు."