మొదటి గుండు లెక్కలోకి రాదు

రంగుగుండ్ల మైదానంలో తుపాకులు బాగుచేసే మేస్త్రిని అందరూ డౌటు మేస్త్రి అంటారు. ఆ పేరు ఆయనకూ తెలుసు. మొదట పెట్టింది ఎవరన్నది మాత్రం ఇంకా తేలలేదు, విచారణ ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. పాలు కాగకముందు ఒకసారి, కాగాక ఒకసారి వాసన చూసే మనిషి. తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపుదాకా వెళ్లి, వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూసే మనిషి. భార్య ఫోనులో నవ్విందంటే ఆ నవ్వు తనమీదేనని గట్టి నమ్మకం. ఆయన నమ్మే విషయం లోకంలో అదొక్కటే.

అయితే ఆ పనికి అలాంటి మనిషే కావాలి. ఆటగాళ్లు ముసుగులు తొడుక్కుని డ్రమ్ముల వెనక, పాత టైర్ల వెనక నక్కి, రంగు నింపిన గుండ్లతో ఒకరినొకరు కొట్టుకుంటారు. తగిలి రంగు చిట్లిందా, వాడు ఆట నుంచి బయటికి. కొట్టే సాధనాన్ని తుపాకి అనకూడదు, మార్కర్ అనాలి. తుపాకి అన్నవాణ్ని మేస్త్రి పని రానివాడి కింద జమకడతాడు. మొదటి వాక్యంలోనే మనం ఆ తప్పు చేశాం, ఆయన కంట పడకపోతే చాలు.

ఇవి ఎలక్ట్రానిక్ మార్కర్లు. లోపల బ్యాటరీ, చిన్న బోర్డు, గుండు సరిగ్గా కూర్చుందో లేదో చూసే రెండు కళ్లు ఉంటాయి. ట్రిగ్గర్ తాకితే చాలు, బోర్డు రెప్పపాటులో గాలి వదిలే కవాటాన్ని తెరిచి మూస్తుంది. మేస్త్రి పొద్దున్నే ఒక్కోదాన్నీ విప్పి, రబ్బరు రింగులకు గ్రీజు రాసి, కళ్లు తుడిచి, కవాటం ఎంతసేపు తెరుచుకోవాలో బోర్డులో సరిచేసి, చివరికి రెగ్యులేటర్ దగ్గరికి వస్తాడు. వంటగ్యాస్ బండకు ఉండేలాంటిదే. మార్కర్‌కి తగిలించిన సిలిండర్‌లోని గాలిని అదుపు చేసి లోపలికి వదులుతుంది. దాని స్క్రూని ఎల్ ఆకారంలో ఉండే ఎలెన్ కీతో కాస్త తిప్పితే గుండు వేగం పెరుగుతుంది. వేగం హద్దు దాటితే అది ఆట కాదు, దెబ్బ. అందుకే వేగం కొలిచే పెట్టె ముందు కాల్చుకుంటూ, అంకె హద్దులోకి వచ్చేదాకా కీ తిప్పుతూనే ఉంటాడు.

అంత జాగ్రత్తగా ఆయన చేతిమీదుగా వెళ్లిన మార్కర్ ఒకటి, పసుపు టేపు చుట్టినది, ఒక ఆటగాడి మెడమీద కోడిగుడ్డంత వాపు లేపింది. మేస్త్రి దాన్ని తెచ్చి పెట్టె ముందు కాల్చి చూశాడు. హద్దులోనే ఉంది. వారం తిరక్కుండా అదే మార్కర్ ఒకామె చెయ్యి కమిలిపోయేలా కొట్టింది. మళ్లీ చూశాడు. మళ్లీ హద్దులోనే ఉంది.

మైదానం యజమానురాలు మేస్త్రి పనిబల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "ఎవరో మధ్యలో వేలు పెడుతున్నారు మేస్త్రీ. ఎవరో తేల్చండి. తేలిన రోజే వాణ్ని పంపించేస్తా. ఇంకో నాలుగు దెబ్బలు తగిలితే మనందరం ఇంటికే."

మధ్యలో ఉండేది ఒక్కడే. బల్లమీంచి మార్కర్లు తీసుకెళ్లి ఆటగాళ్ల చేతికిచ్చేది, ఈల వేసి ఆట నడిపేది, తిరిగి తెచ్చేది రెఫరీ. ఆ రెఫరీ పరాయివాడు కాదు, మేస్త్రి భార్యకు సొంత తమ్ముడు. ఏ పనిలోనూ నిలవక తిరుగుతుంటే, భార్య పోరు పడలేక మేస్త్రే తెచ్చి ఇక్కడ పెట్టించాడు. ఇదీ పోతే వాణ్ని ఇంకెవరూ చేర్చుకోరు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకున్నాడు మేస్త్రి. ఇక ఆధారాలు వాటంతటవే వచ్చి వరుసలో నిలబడ్డాయి. "ఏ స్క్రూ తిప్పితే స్పీడు పెరుగుతుంది బావా?" అని వాడు ఆమధ్య అడిగాడు. ఎందుకడిగినట్టు? వాడి జేబులో ఎలెన్ కీ కనిపించింది. "ఆ డ్రమ్ము స్టాండు వదులైంది, బిగించడానికి" అన్నాడు. ఎవరడిగారని? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు! పైగా ఈమధ్య నవ్వుతూ పలకరిస్తున్నాడు. నవ్వకపోయినా మేస్త్రికి అదీ ఒక ఆధారమే అయ్యేది.

ఉచ్చు పన్నాలనుకున్నాడు. ఇంట్లో భార్య గోళ్లరంగు సీసా తీసి జేబులో వేసుకుంటుంటే ఆవిడ చూసింది.

"అదెందుకు మీకు?"

"పనుంది."

"పెట్టుకోండి, ఎర్రరంగు మీకు బాగానే నప్పుతుంది" అని ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు.

మార్కర్ సరిచేసి, స్క్రూ మీదుగా పక్క ఇనుముదాకా సన్నటి ఎర్రగీత గీశాడు. స్క్రూ కదిలితే గీత తెగుతుంది. సాయంత్రం సీసాని దాని చోట పెట్టేశాడు. మర్నాడు ఆటలో పసుపు టేపు మార్కర్ మళ్లీ కొట్టింది, ఈసారి ఒకాయన చెవి పక్కన. మేస్త్రి పరుగున వెళ్లి దాన్ని లాక్కుని చూశాడు. గీత చెక్కుచెదరలేదు.

ఇంకొకరైతే అక్కడితో, పాపం వాడు కాదేమో అనుకునేవారు. అనుమానం పెనుభూతం. మేస్త్రి అనుకున్నది వేరు. వీడు గీత తుడిచి, స్క్రూ తిప్పి, మళ్లీ గీశాడు. గీయడానికి రంగు ఎక్కడిది? అక్కడికక్కడే ఇంటికి ఫోన్ చేశాడు.

"నిన్న నీ తమ్ముడు ఇంటికొచ్చాడా?"

"వచ్చాడు, అన్నం తిని వెళ్లాడు. ఏమైంది?"

"వాడికి నీ గోళ్లరంగు ఇచ్చావా?"

"మీరేం అడుగుతున్నారో మీకు తెలుస్తోందా?" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

పెట్టేసిందంటే ఇచ్చినట్టే. మేస్త్రి తిన్నగా వెళ్లి, చేసింది తన బావమరిదేనని యజమానురాలికి చెప్పేశాడు.

ఆవిడ వాణ్ని బల్ల దగ్గరికి పిలిపించింది. సంగతి వినగానే వాడి ముఖం పాలిపోయింది. "నేనా బావా?"

"నువ్వు కాకపోతే ఎవర్రా? నా దగ్గర హద్దులో ఉన్నది నీ చేతికి రాగానే ఎలా పెరుగుతుంది? గీత తుడిచి మళ్లీ గీశావు. రంగు మీ అక్క ఇచ్చింది."

మేస్త్రి లాక్కొచ్చిన మార్కర్ అందాకా సిలిండర్‌తో సహా బల్లమీదే పడి ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. బావమరిది దాన్ని తీసి పెట్టె ముందు ఒక్కసారి కాల్చాడు. అంకె హద్దుకి చాలా పైన ఉంది. యజమానురాలు "అమ్మో" అంది.

మేస్త్రి తడుముకోకుండా అన్నాడు. "అది లెక్కలోకి రాదు. మొదటి గుండు."

ఆ సూత్రం ఆయనకు పని నేర్పిన గురువుది. పాత మార్కర్లు కాసేపు వాడకపోతే రింగులు అంటుకుపోయి, మొదటి గుండు మందకొడిగా వెళ్లేది. అందుకని పొద్దున్నే నోరు పుక్కిలించినట్టు ఒకటి వదిలేసి, రెండోదాని నుంచి అంకె చూడమన్నాడు. మేస్త్రి అప్పటి నుంచి మొదటి గుండు వదిలేటప్పుడు పెట్టె వైపు తల తిప్పలేదు. ప్రతిదాన్నీ రెండుసార్లు చూసే మనిషి, దాన్ని మాత్రం ఒక్కసారైనా చూడలేదు.

బావమరిది వెంటవెంటనే ఇంకో రెండు కాల్చాడు. రెండూ హద్దులోనే ఉన్నాయి.

"చూశావా?" అన్నాడు మేస్త్రి.

"చూశాను బావా. కానీ డ్రమ్ము వెనక అంతసేపు నక్కి కూర్చున్నవాడు లేచి కొట్టేది మొదటి గుండే కదా. వాళ్లందరికీ తగిలింది అదే."

మేస్త్రి మార్కర్ అందుకున్నాడు. రెగ్యులేటర్ విప్పాడు. లోపల గాలిని ఆపే చిన్న బిళ్ల అంచు అరిగిపోయి ఉంది. మార్కర్ ఊరికే ఉన్నంతసేపూ గాలి ఆ సందులోంచి కొంచెం కొంచెం చేరుతోంది, చేరిందంతా మొదటి గుండుని తోస్తోంది. వరుసగా కాలిస్తే చేరడానికి వ్యవధే లేదు. కొత్త బిళ్ల వేసి, ఆగి ఆగి కాల్చాడు. ఈసారి మొదటి గుండు కూడా హద్దు దాటలేదు.

"నువ్వు వెళ్లి ఆట మొదలుపెట్టు" అని యజమానురాలు రెఫరీతో అంది. మేస్త్రితో ఏమీ అనలేదు. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

"ఒరేయ్, తప్పయిపోయిందిరా" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

బావమరిది ఈల మెడలో వేసుకున్నాడు. "నామీద అనుమానం నాకేం కొత్త కాదు. అక్కని ఎందుకు అడిగావు? ఇందాక ఫోన్ చేసి ఏడ్చింది. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు."

మేస్త్రి ఇంటికెళ్లి భార్యకూ అదే మాట చెప్పాడు. ఆవిడ సరేనంది. అన్నం వడ్డించింది, ఎదురుగా మాత్రం కూర్చోలేదు.

పని ఇప్పుడు సవ్యంగానే సాగుతోంది. ఎవరికీ దెబ్బలు తగలడం లేదు. ఆటకి ముందు రెఫరీ ఒక్కో మార్కర్‌నీ పెట్టె ముందు పట్టి, మొదటి గుండు కాల్చి, అంకె పైకి చదువుతాడు. మేస్త్రి తలూపేదాకా అక్కడి నుంచి కదలడు.

"చూసుకోండి మేస్త్రిగారూ" అంటాడు. "తర్వాత మళ్లీ నన్ను అనకూడదు."

బావా అని పిలవరా అనాలని మేస్త్రికి నోటిదాకా వస్తుంది. అడిగితే వాడు పిలుస్తాడు కూడా. కానీ మనసులోంచి పిలిచాడో, అడిగాను కదా అని పిలిచాడో తేల్చుకోలేక చస్తానని ఆయనకు తెలుసు. అంకె చూసి తలూపుతాడు.