బిహీకి ఈత రాదు

ఇఫ్ని వెళ్ళే దారిలో తిగర్ట్ ఊళ్ళో బిహీని ఎరగనివాడు లేడు. కొండ అంచున నిలబడి, నాలుగు నిలువుల పొడుగున్న గడకర్రతో కింద సముద్రంలోంచి చేపలు లాగుతాడు. నలభై ఏళ్ళుగా అదే పని. అంత సముద్రం పక్కన పుట్టి పెరిగాడా, మోకాలు దాటి నీళ్ళలో దిగిన పాపాన పోలేదు. ఈత వస్తే కదా దిగడానికి!

అలాంటి మనిషికి మూడేళ్ళుగా ఉత్తరాలు. నాంత్ నుంచి, లీజ్ నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో. “అలలను చీల్చుకుంటూ వచ్చిన బిహీ గారికి” అని మొదలు. అన్నిటికీ మూలం ఒక పుస్తకం. గిలెమ్ అని ఒక ఫ్రెంచివాడు కుర్రతనంలో సర్ఫింగ్ పలక చంకన పెట్టుకుని పోర్చుగల్ నుంచి సెనెగల్ దాకా తీరం వెంబడి తిరిగాడు. మధ్యలో మా తిగర్ట్ దగ్గర పలక విరిగి, రాళ్ళకు కొట్టుకుని, చావు అంచుదాకా వెళ్ళి వచ్చాడు. నడివయసులో తీరిగ్గా కూర్చుని ఆ తిరుగుళ్ళన్నీ పుస్తకంగా రాశాడు. తొమ్మిదో అధ్యాయం అంతా బిహీయే. ఎలా దూకాడు, ఎలా ఈదాడు, జుట్టు పట్టుకుని ఎలా ఒడ్డుకి లాగాడు.

చదివినవాళ్ళు ఊరుకుంటారా? లీల్ ఊరివాడొకడు ఆ అధ్యాయం చదివి తాగుడు మానేశానని రాశాడు. ఎవరో మొగుడూ పెళ్ళాలు కొడుక్కి బిహీ అని పేరు పెట్టుకున్నారు. “ఫ్రాన్సులో ఒకడు నా పేరు మోస్తున్నాడు. వాడికైనా ఈత నేర్పిస్తే బాగుండు” అని బిహీ లోలోపల అనుకున్నాడు. ఒక బెల్జియం ఆయన మరీ ముదిరి, బిహీ కొలతలు ఊహించి సముద్రంలో వేసుకునే రబ్బరు సూటు కుట్టించి తెచ్చాడు. దాన్ని మేకల పాకలో తగిలిస్తే రెండు రోజులు మేకలు లోపలికి పోలేదు. పలకలు భుజాన వేసుకుని వచ్చినవాళ్ళంతా “ఒక్కసారి మాతో అలల్లోకి రండి” అంటారు. బిహీ మోకాళ్ళు పట్టుకుని మూలుగుతాడు. వాళ్ళు తీసిన ఏ ఫొటోలోనైనా చూడండి కావాలంటే, తేలు కుట్టిన దొంగలా ఉంటాడు.

ఎందుకంటే దూకింది బిహీ కాదు. బిహీ పెళ్ళాం ఇజ్జా.

పందొమ్మిదేళ్ళ నాటి మాట. ఆ పొద్దున్న ఆటుకి సముద్రం వెనక్కి తగ్గింది. పదకొండు మంది ఆడవాళ్ళు రాళ్ళ మీద గుల్లలు గీకుతున్నారు. వాళ్ళలో ఇజ్జా ఒకతె. తెల్లవాడు కొట్టుకుపోతుంటే చూసింది, దూకింది, లాగింది. బయటికి వచ్చేసరికి తల మీద గుడ్డ సముద్రం పాలైంది. ఒంటి మీద బట్ట ఒంటికి అంటుకుపోయింది. చేతుల్లో సగం బట్టలేని పరాయి మగాడు. కొండ మీంచి మగవాళ్ళ అరుపులు దగ్గరవుతున్నాయి. ఇంట్లో పెళ్ళికెదిగిన కూతుళ్ళు ఇద్దరు. అప్పుడు ఆ గుంపులోనే ఉన్న అత్తగారు, ఆ ముసలామె బుర్రే బుర్ర, తన దుప్పటి తీసి కోడలి మీద కప్పి గుంపు వెనక్కి తోసింది. పరిగెత్తుకొచ్చిన కొడుకు బిహీ నెత్తిన గుల్లల కుండలోని నీళ్ళు గుమ్మరించింది.

“నువ్వే లాగావు. నోరెత్తావో, చంపుతా!”

తెల్లవాడు కళ్ళు తెరిచేసరికి ఎదురుగా నీళ్ళోడుతూ బిహీ. ఇంకేం కావాలి? ఈత రానివాడు ఎలా దూకాడని మగవాళ్ళెవరైనా గొణిగితే, “అల్లా తలిస్తే రాయి కూడా తేలుతుంది, నా కొడుకు తేలడా?” అనేది ముసలామె. ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదని మనం ఎగతాళి చేస్తాం కదా. పదకొండు నోళ్ళలో ఆ గింజ పందొమ్మిదేళ్ళు నానింది, ఒక్కతె కూడా ఉమ్మలేదు.

బిహీకే నానలేదు. తల్లి చనిపోయిన ఏడాది ఒకసారి పెళ్ళాంతో అన్నాడు, “చెప్పేద్దామే. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టుంది నా బతుకు.”

“పిల్లలకి పెళ్ళిళ్ళయ్యాయని నా తలగుడ్డ సంగతి ఇప్పుడు ఊరంతా ఊహించుకోవాలా? నోరు మూసుకుని రొట్టె తిను” అంది ఇజ్జా. అంతటితో ఆ మాట ఆగిపోయింది.

ఆ ఉత్తరం ఒక శుక్రవారం వచ్చింది. గోధుమరవ్వ కుస్‌కుస్ తిని అందరూ చేతులు కడుక్కున్నాక, బడి పంతులు ఇదార్ విప్పి చదివాడు. ఫ్రెంచి చూసి మా భాషలో చెప్పడం మూడేళ్ళుగా అతని పని. ఇజ్జా గోడవార కూర్చుని రాతి మీద నూనె కోసం ఆర్గాన్ గింజలు పగలగొడుతోంది.

“బాబాయ్, ఇది ఒకావిడ రాసింది. సోలెన్ అట. బ్రెస్ట్ పక్కన పల్లె. వినండి: ‘అయ్యా, తొమ్మిదేళ్ళ కింద ఎవరి పిల్లవాడో కొట్టుకుపోతుంటే నా భర్త సముద్రంలోకి దూకాడు. పిల్లవాడు బతికాడు. ఆయన రాలేదు. ఊరు ఊరంతా ఆయన్ని పొగుడుతుంది. నాకు మాత్రం కోపం. దూకేముందు నేను గుర్తుకే రాలేదా అని. అడుగుదామంటే ఆయన లేడు. దూకి తిరిగి వచ్చినవాళ్ళు నాకు తెలిసి మీరొక్కరే. నన్ను ఓదార్చడానికి రాయకండి. ఆ క్షణంలో ఇంట్లోవాళ్ళు గుర్తుకొస్తారా, రారా? నిజం చెప్పండి.’”

రాతి చప్పుడు ఆగిపోయింది.

“గుర్తుకొస్తారని రాసెయ్ ఇదార్” అన్నాడు బిహీ గబుక్కున. పంతులు కలం తీశాడు. సగం వాక్యం పడిందో లేదో, “ఆగు, కొట్టెయ్” అన్నాడు బిహీ. ఫొటోకి నిలబడటం వేరు. ఇది మొగుడు పోయిన మనిషి గుండె. తెలియని సంగతి తెలిసినట్టు చెబితే అది ఏ పాపం కింద లెక్కో మసీదులో ఫకీహ్‌ని కూడా అడగక్కర్లేదు. “రేపు రా నాయనా. ఆలోచించి చెప్తా.”

పంతులు వెళ్ళాడు. ఇద్దరే మిగిలారు. టీ చల్లారిపోయింది.

“ఇజ్జా” అన్నాడు బిహీ. “నేను ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు… నేను గుర్తుకొచ్చానా?”

“ఇప్పుడా అడగడం!”

“ఇన్నేళ్ళూ భయమేసింది. రాలేదంటావేమోనని.”

ఇజ్జా ఒళ్ళో తొక్కలు దులుపుకుంది. అంది, “పొద్దున్నే నిన్ను తిట్టి వెళ్ళాను. రొట్టె మాడిందన్నావని, ‘నీ నోట్లో మన్ను పడ’ అన్నాను. వాణ్ణి చూడగానే దూకబోయి, అమ్మో, నా మొగుడితో నా ఆఖరి మాట ఇదేనా అనుకున్నాను. గుల్లల మూట కట్టే తాడు చేతిలోనే ఉంది. నడుముకి చుట్టి, కొస పక్కన గుల్లలు గీకుతున్న తమ్మూ చేతికిచ్చి దూకాను. ఇంటికి రావాలనే కదయ్యా తాడు కట్టుకోవడం! లేకపోతే అదెందుకు, మధ్యలో అడ్డం?”

బిహీకి కళ్ళు నిండిపోయాయి. దాచుకోలేదు కూడా. మా వైపు ఉప్పు ఇచ్చినవాడికి, బస్సులో జరిగి చోటిచ్చినవాడికి సైతం కృతజ్ఞతగా ‘అల్లా నీ తల్లిదండ్రులను కరుణించాలి’ అంటాం. రోజుకి పదిసార్లు అంటాం. పెళ్ళాంతో ఎవడంటాడు?

“లోకమంతా నాకు చెప్పింది. నేను నీకు చెప్పలేదు. అల్లా నీ తల్లిదండ్రులను కరుణించాలి, ఇజ్జా. నువ్వు తిరిగొచ్చావు.”

“చాల్లే, ముసలితనంలో వేషాలు” అంది ఇజ్జా. తర్వాత చాలాసేపు ఉత్తరాన్ని చేత్తో తడుముతూ కూర్చుంది, చదవడం రాకపోయినా. “పంతులుతో నువ్వేం చెప్పొద్దు. అడిగింది ఆడది. నేనే చెప్తాను.”

“మరి ఊరి సంగతి?”

“ఊరికీ నాకూ ఇద్దరికీ ముసలితనం వచ్చింది. ఊహించుకోనీ.”

మర్నాడు ఇదార్ వస్తే ఇజ్జా తలగుడ్డ బిగించి కట్టుకుని ఎదురుగా కూర్చుంది. మొదటి మాట వినగానే పంతులు కలం జారి చాప మీద పడింది. “అమ్మా, లల్లా ఇజ్జా, మీరా?” అన్నాడు.

“రాస్తావా, నోరు తెరుచుకుని చూస్తావా?”

ఆమె చెప్పినట్టే రాశాడు. “అమ్మా సోలెన్, పుస్తకం తప్పు. నీళ్ళలో దిగింది నేను, ఆడదాన్ని. నిజం అడిగావు కాబట్టి నా పేరుతోనే చెబుతున్నాను. గుర్తుకొస్తారు. కాలు గాల్లో ఉండగానే వస్తారు. నా దగ్గర తాడుంది, కొస పట్టుకునే మనిషి ఉంది. అందుకని తిరిగి వచ్చాను. మీ ఆయన దగ్గర తాడు లేదు. అంతే తల్లీ తేడా. నువ్వు గుర్తుకు రాక కాదు.” సిరాలో బొటనవేలు ముంచి కింద అద్దింది.

ఊరికి తెలియడానికి ఒక్క పూట చాలింది. కాఫీ కొట్టు దగ్గర మగవాళ్ళు, “బిహీ, ఆ రబ్బరు సూటు కొలతలు ఇక మార్పించాలి కదా!” అని ఏడిపించారు. బిహీ వాళ్ళకంటే గట్టిగా నవ్వాడు. తలగుడ్డ మాట మాత్రం ఒక్కడూ ఎత్తలేదు. తమ్మూ వాళ్ళింటికి వచ్చి, “తాడు పట్టుకున్న నా పేరు ఎందుకు రాయించలేదే?” అని ఇజ్జాతో పోట్లాడి, మూడు టీలు తాగి వెళ్ళింది.

నలభై రోజులు దాటాక జవాబు వచ్చింది. ఈసారి కవరు మీద ఇజ్జా పేరు. ఇదార్ చదివాడు, చాలా చిన్నది. “అమ్మా, మీ ఉత్తరం సముద్రం ఒడ్డున కూర్చుని చదువుకున్నాను. తొమ్మిదేళ్ళు కోపంతో ఆయన పేరు పలకలేదు. ఇవాళ గట్టిగా పిలిచాను. ఆయన పేరు యాన్.”

“పేరు మళ్ళీ చెప్పు” అంది ఇజ్జా.

“యాన్.”

రెండు మూడుసార్లు తనలో తాను పలికి చూసుకుంది. సాయంత్రపు నమాజు అయ్యాక రోజూలాగే దోసిలి పట్టి, పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పింది. అమ్మ. నాన్న. అత్తగారు. పురిట్లో పోయిన చెల్లెలు. అక్కడ కాస్త ఆగి, “యాన్” అంది.

పక్కన కూర్చున్న బిహీ తల వంచి, “ఆమీన్” అన్నాడు.