నీసు వాసన వేసిన హంస

తొంభైల చివర్లో, కోతలయ్యాక ఒకనాడు, నర్సీపట్నం బస్టాండు దగ్గరి టీ కొట్లో నేను హంసను తిన్నానని చెప్పాను. ఊరికే తిన్నాననలేదు. కొండల మీదుగా గుంపుగా పోతున్నవాటిలో ఒకటి రెక్క విరిగి బలిఘట్టం దగ్గర ఏట్లో దిగిందని, మెడే మూరెడుందని, కూర పాలవాసన వేసిందని చెప్పాను.

అప్పటికి అక్కడ పక్షుల కబుర్లే నడుస్తున్నాయి. కొంగ మాంసానికి ఉబ్బసం తగ్గుతుందని ఒకరు, పావురం తింటే పడిపోయిన చెయ్యి లేస్తుందని ఇంకొకరు. నా వంతు వచ్చేసరికి చిన్న పిట్టలన్నీ అయిపోయాయి. రిటైరైన లెక్కల మాస్టారిని, తక్కువలో ఎలా ఆగను?

టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపాడు. "అంసంటే సరస్వతమ్మ బండి కదేటి మాస్టారూ."

"మాకా పట్టింపుల్లేవులే," అన్నాను.

అదీ తప్పే. ఆదివారం చర్చి మెట్ల మీద పాస్టరు గారు నన్ను పక్కకు పిలిచి, "బైబిల్లో తినకూడదన్న పక్షుల్లో అదీ ఉందండి," అని మెల్లగా చెప్పారు. కబురు కృష్ణదేవిపేట దాకా పోయింది. కాదు, అంత దూరం పోలేదు. మా వీధి చివరిదాకా పోయింది. అదే ఎక్కువైంది.

మా పక్కింటి చెరకు రైతు చిన్నప్పుడు నా దగ్గర లెక్కలు నేర్చుకుని గట్టెక్కినవాడు. అందుకని వాళ్ళమ్మగారు, శ్రీపంచమికి మనవడి అక్షరాభ్యాసంలో పూజ పంతులుగారు చేసినా, వేలు పట్టి బియ్యంలో రాయించేది మాస్టారేనని ఎప్పుడో చెప్పేశారు. మాకు పిల్లల్లేరు. ఎంతమందికి చదువు చెప్పినా, అలాంటి పిలుపు నాకెప్పుడూ రాలేదు. కొత్త పంచె కూడా కొనుక్కున్నాను.

పండగ దగ్గరపడ్డాక ఆ పెద్దావిడ గోడ అవతల నిలబడి పిలిచింది.

"ఏటీ అనుకోకండి మాస్టారూ. ఆ తల్లి బండిని తిన్న సేత్తో ఆ తల్లి అచ్చరాలు రాయిస్తే నా మనసొప్పదు. పంతులుగారే రాయిస్తారు."

"అది హంస కాదమ్మా, బాతు," అన్నాను. కోసిన మళ్ళలో బాతుల మందలను మేపుకుంటూ వచ్చేవాళ్ళ దగ్గర కొన్న ముసలి బాతు.

"ఇప్పుడు అవసరమొచ్చి బాతంతన్నారు. అప్పుడు సెప్పింది నమ్మాలా, ఇప్పుడు సెప్పింది నమ్మాలా?"

ఈసారి నిజం చెబుతున్నానని ఎలా చూపించాలో నాకు తెలీలేదు. దొడ్లో బట్టలారేస్తున్న మా ఆవిడ అక్కడినుంచే అందుకుంది.

"పాలవాసనని సెప్పేరా? ఇల్లంతా నీసు కంపు వదినా. ఎంత సింతపండు పిండినా పోలేదు. ముక్క ఉడికేసరికి పొద్దుగూకింది. ఈయన కాస్త తిని, మిగతాది కుక్కకి పడేసేరు."

పక్కింటావిడ గోడ మీదికి వంగింది. "నీసు కంపా?"

"గిన్నె తోమినా వదల్లేదు."

"అలాగైతే బాతే. మా అత్తోరు వండించీవోరు, నాకు తెలీదేటి." నా వైపు తిరిగింది. "మరి అంసని ఎందుకన్నారు?"

"బాతంటే ఎవరూ టీ గ్లాసు కింద పెట్టరమ్మా."

ఆవిడ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "సరే, పండగనాడు బేగి తానం సేసి వచ్చీండి. అచ్చరాలు మాత్రం ఉన్నన్నే రాయించండి. మీరు కొత్తవి కలపకండి."

శ్రీపంచమినాడు కొత్త పంచె కట్టుకుని బియ్యం పళ్ళెం ముందు కూర్చున్నాను. పిల్లాడి వేలు బెల్లంతో జిగురుగా ఉంది. గింజలు దానికే అంటుకుంటున్నాయి. ఇద్దరం కలిసి 'అ' రాశాం. వెనక నుంచి ఆవిడ మెడ చాచి, అక్షరం సరిగ్గా వచ్చిందో లేదో చూసింది.

సాయంత్రం టీ కొట్లో, వాడు నా సాయం లేకుండానే ముత్యంలా రాసేశాడని చెప్పాను. నిజానికి వేలు తిప్పిందంతా నేనే. వాడి ధ్యాసంతా ఆ బియ్యం నోట్లో వేసుకోవడం మీదే ఉంది.