కళ్లెం వదిలే చెయ్యి

2023 చలికాలం. ప్రొద్దుటూరులో నేను గేర్ సైకిళ్ల షాపు పెట్టి అప్పటికి చాలా ఏళ్లయింది. వారమంతా అమ్మకాలు, రిపేర్లు. ఆదివారం మాత్రం షట్టరు దించేసి, నేర్చుకుంటామన్న వాళ్లను వెంటబెట్టుకుని జమ్మలమడుగు దాటి గండికోట వైపు కొండదారులకు పోయేవాణ్ణి. సిమెంటు ఫ్యాక్టరీ ఇంజనీర్లు, ఒకరిద్దరు డాక్టర్లు, పొట్ట తగ్గించి తీరతామని ఒట్టు పెట్టుకున్న బంగారు అంగళ్ల వాళ్లు వచ్చేవారు. ఆ ఒట్టు చాలామంది రెండో వారానికే గట్టున పెట్టేవారు. నాకు ఓపిక తక్కువ. ఒకచోట కూర్చోలేను, చెప్పింది వెంటనే చేయకపోతే గొంతు లేస్తుంది. అయినా జనం నా దగ్గరికే ఎందుకు వచ్చేవారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఒకరోజు జమ్మలమడుగు నుంచి గౌస్ భాయ్, ఆయన భార్య షాహీన్ షాపుకొచ్చారు. భాయ్‌కి నలభై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉన్నాడు. కువైట్‌లో ఒక పెద్ద గుర్రపుశాలలో కొత్త గుర్రాలకు స్వారీ అలవాటు చేసే పని చాలా ఏళ్లు చేశాడట. చివరికి గుర్రాల వెంట్రుకలు, ఎండుగడ్డి దుమ్ము పడక ఉబ్బసం పట్టుకుంది. గుర్రం దగ్గరికి పోతే ప్రాణానికే ముప్పని అక్కడి డాక్టరు చెప్పడంతో ఇంటికి వచ్చేశాడు. ఇదంతా షాహీనే చెప్పింది. భాయ్ మాత్రం షాపులో ఈ మూలనుంచి ఆ మూలకు తిరుగుతూ, ప్రతి సైకిలు ముందూ వంగి చూస్తున్నాడు.

"ఈయనకు ఇంట్లో కాలు నిలవదన్నా. పులివెందులలో మా తమ్ముని గుడ్డలంగట్లో కూర్చోబెడితే మధ్యాన్నానికే బస్సెక్కి వచ్చేస్తాండాడు. తిండి తినేది కూడా నిలబడే. మనిషి ఏమైపోతాడో అని భయమైతాంది" అందామె.

భాయ్ అప్పుడు నా వైపు తిరిగాడు. "గండికోట కాడ క్యాంపులో టూరిస్టులను సైకిళ్ల మీద కొండల్లో తిప్పే మనిషి కావాలంటాండారప్పా. నెలాఖరుకు వాళ్ల ముందర తొక్కి సూపిస్తే పెట్టుకుంటారంట. నేర్పిస్తావా?"

"ఎప్పుడన్నా తొక్కినావా?"

"ఇస్కూలుకు పోయేటప్పుడు తొక్కినా. ఆ తర్వాత అన్నీ గుర్రాలే."

నాకు నవ్వొచ్చింది గానీ ఆమె ముఖం చూసి ఆపుకున్నాను.

మౌంటెన్ బైక్ అంటే రాళ్లదారికోసం చేసిన సైకిలు. టైర్లు లావుగా ఉంటాయి. ముందు చక్రం దగ్గర రాళ్ల కుదుపును మింగే సస్పెన్షన్ ఉంటుంది. డిస్క్ బ్రేకులు ఎంత పదునంటే, ముందుది గట్టిగా పీకితే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి అవతల పడతాడు. అందుకే కొత్తవాళ్లకు నేను మొదట నేర్పేది బ్రేకు. గేర్లు ఎవరికైనా ఆలస్యంగానే వస్తాయి. భాయ్‌కి మాత్రం ఒక్క పూటలో వచ్చేశాయి. "గుర్రానికి నడక, పరుగు, దౌడు ఉంటాయి కదప్పా, ఇదీ అంతే" అన్నాడు. ఎక్కుడులో నోటితో చక్ చక్ అని సైకిలును అదిలించేవాడు. వేగం కావాలంటే మోకాళ్లు సీటుకు నొక్కేవాడు. వెనకనున్న ఇంజనీర్లు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. ఆయన పట్టించుకోలేదు.

అసలు చిక్కు దిగుడులో వచ్చింది. గండికోట దారిలో ఒకచోట బండల మధ్య నుంచి దారి నిలువుగా దిగుతుంది. మొదటి ఆదివారం అక్కడ పడ్డాడు. రెండో ఆదివారం కూడా అక్కడే పడి, కంపలో నుంచి లేచి చొక్కా దులుపుకుని "ఇంకోతూరి" అన్నాడు. ఆ ఇంకోతూరిలోనూ పడ్డాడు. "బ్రేకు పట్టు భాయ్, బ్రేకు" అని నేను కింద నుంచి గొంతు చించుకునేవాణ్ణి. పట్టేవాడు కాదు.

మూడో ఆదివారం మణికట్టు వాచింది. నెలాఖరు దగ్గరకొచ్చేసింది. నాకు విసుగు నషాళానికంటింది. "ఇది నీకు కుదిరే పని కాదు భాయ్. పోయి ఆ గుడ్డలంగట్లోనే కూర్చో" అనేశాను. ఆయన బండల మీద పైకీ కిందికీ నడవడం మొదలుపెట్టాడు. ఆ మనిషిని నాలుగు గోడల మధ్య గజం బద్ద పట్టుకుని కూర్చున్నట్టు ఊహించుకుంటే నాకే ఊపిరి ఆడలేదు. నేనైనా అట్లా కూర్చోలేను.

"సరే, ఒక్కసారి మెల్లగా దిగు, నేను పక్కనే నడుస్తా" అన్నాను. ఈసారి దారిని వదిలేసి ఆయన చేతులు చూశాను. దిగుడు మొదలైందో లేదో, బ్రేకు మీది వేళ్లు మెల్లగా తెరుచుకున్నాయి. భయపడినవాడు బ్రేకు పీకుతాడు. ఈయన వదిలేస్తున్నాడు. హ్యాండిల్ పట్టుకుని ఆపాను.

"ఎందుకు వదిలేస్తాండావు?"

"వదిలేస్తాండానా?" చేతులు చూసుకున్నాడు. వేళ్లు ఒకసారి మూసి తెరిచి చెప్పాడు. "దిగుడులో కళ్లెం లాగకూడదప్పా. లాగితే గుర్రం తల ఎత్తుతాది. తలెత్తితే కాలు యాడ పెట్టాల్నో దానికి కనపడదు. నోరు కూడా కోసుకుంటాది. వదిలేస్తే అదే సూసుకుని దిగుతాది."

"దీనికి కళ్లు లేవు భాయ్."

"నాకు తెల్సప్పా. నా సేతికి తెల్దు."

ఇన్నేళ్లలో నా దగ్గర నేర్చుకున్న వాళ్లెవరూ తమ తప్పును ఇంత సూటిగా చెప్పలేదు. నా కోపం దిగిపోయింది. ఏం అడగాలో తెలియక నోటికొచ్చింది అడిగాను. "కొత్త గుర్రాన్ని మొదటిసారి కొండ దించేటప్పుడు గూడా అట్లనే వదిలేస్తావా?"

"దాన్ని ఎట్ల వదుల్తాం? ఒక్క వేలితో పట్టుకోనుంటాం. లాగం. పైన మనిషి ఉండాడని దానికి తెలిస్తే సాలు."

మా పనిలో దాన్నే ఫెదరింగ్ అంటాం. ఒక్క వేలితో బ్రేకును కొంచెం నొక్కడం, వదలడం, మళ్లీ నొక్కడం. మూడు ఆదివారాలుగా నేను గొంతు పోయేలా అరిచినా ఎక్కనిది అదే.

"అయితే దీన్ని కొత్త గుర్రమనుకో. ఎన్నేండ్లు తొక్కినా కొత్తదే. నీ దారి అది ఎప్పటికీ నేర్చుకోదు."

ఆయన ఒక బండ మీద కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం నేను చూసింది అదే మొదలు. తరువాత లేచి సైకిలును పైకి తీసుకుపోయి, చూపుడు వేలొకటే బ్రేకు మీద ఉంచి, బండల మధ్య నుంచి గులకరాయి దొర్లకుండా దిగి వచ్చాడు.

నెలాఖరున క్యాంపు మేనేజరు కింద నిలబడి చూశాడు. భాయ్ అలాగే దిగాడు. వచ్చే సోమవారం నుంచి రమ్మని అక్కడికక్కడే చెప్పేశాడు. షాహీన్‌కు నేనే ఫోన్ చేశాను. అవతల ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నాకు కాళ్లు నేల మీద నిలవక, అందరికీ టీ చెప్పి అటూ ఇటూ తిరుగుతున్నాను. భాయ్ మాత్రం సైకిలును ఒక బండకు ఆనించి, దాని ఎదుట కదలకుండా నిలబడి ఉన్నాడు.

"ఏంది భాయ్, సంతోషంగా లేదా?"

"ఉండాదప్పా. బండి శానా బాగుండాది, సెప్పినట్ల వింటాది." సీటు మీద చెయ్యి వేశాడు. "ఆడ కువైట్‌లో నా సేతిలో పెరిగిన గుర్రమొకటి ఉన్నింది. వచ్చేసేనాడు గేటు కాడనే నిలబడి సూసి వచ్చేసినా, లోపలికి పోతే ఊపిరాడదని. అది నేను వస్తానని నా దిక్కే సూస్తా ఉన్నింది. ఇది దిగినాక నా వంక తిరిగి సూడదు. అంతే."

టీ గ్లాసు ఆయన చేతిలో పెట్టి పక్కన నిలబడ్డాను.

భాయ్ ఇప్పటికీ ఆ క్యాంపులోనే ఉన్నాడు, బాగానే ఉన్నాడు. నా అలవాటే మారింది. అంతకుముందు పెద్ద వయసులో ఎవరైనా నేర్చుకుంటామని వస్తే ఎత్తు, కాలి పొడవు చూసి సరిపోయే సైకిలు చూపించేవాణ్ణి. ఇప్పుడు అంతకన్నా ముందు, ఇన్నాళ్లూ ఏం చేసేవారు, దాన్ని ఎందుకు మానేశారు అని అడుగుతాను. వాళ్లు జవాబు చెబుతున్నంతసేపూ వాళ్ల చేతుల వైపే చూస్తాను.