గోడ మీది జిడ్డు గీత

ఆ ఎండాకాలం మా అత్తమ్మకు మూత్రంలో మంట పట్టుకుంది. శంషాబాద్ దవాఖానాలో డాక్టరమ్మ "రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతావు పెద్దమ్మా?" అని అడిగితే అత్తమ్మ పైకప్పు కేసి చూసింది. ఆటోలో తిరిగి వస్తూ నేనే నిలదీశాను.

"నీళ్లు తాగితే మాటిమాటికి పోవాలె. పోవాలంటే నిన్ను పిలవాలె. నీకెందుకు పరేషాన్ అని, పగటి అన్నం తిన్నంక తాగుడు బంద్ చేసిన బిడ్డా" అంది.

కొత్వాల్‌గూడ పక్కన మాది పాత ఇల్లు. బాత్రూం పెరట్లో ఆ చివర ఉండేది. అత్తమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి. పెరటి గుమ్మం దాకా తనే వచ్చేది, అక్కణ్ణుంచి నా భుజం కావాలి. రానని నేను ఎప్పుడూ అనలేదు. కానీ పొయ్యి మీద కూర మాడుతుండగా పిలుపు వినిపిస్తే ఒక నిట్టూర్పు విడిచేదాన్ని. అది ఆమెకు వినపడదనుకున్నాను. మోకాళ్లు పోయాయి గానీ, ఆ మనిషి చెవులు మాత్రం బ్రహ్మాండంగా పనిచేసేవి.

మా ఊరి మీదుగా విమానాలు దిగడం మొదలైన రెండేళ్లకు జరిగిన సంగతి ఇది. ఇల్లు బాగు చేయించాలని అప్పటికే అనుకుంటున్నాం. వంటగది గట్టు, వరండా గ్రిల్లు అన్నీ తర్వాత, ముందు ఇంట్లో బాత్రూం కావాలని మా ఆయనతో ఖచ్చితంగా చెప్పాను. చోటు కూడా నేనే చూశాను. అత్తమ్మ గది పక్కనే, అదే నడవ గోడ వెంట వడ్ల అర్ర ఉంది. సాగు మానేశాక అందులో విరిగిన కుర్చీలు, పాత పంకాలు తప్ప ఏమీ లేవు.

"వడ్లు పోసిన అర్రల లెట్రినా? లచ్చిమి ఉన్న జాగ అది. గిట్ల ఎవరన్న చేస్తరా?" అని అత్తమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

"లచ్చిమి ఎప్పుడో పోయిందత్తమ్మా, ఇప్పుడు అండ్ల ఎలుకలున్నయ్" అన్నాను. నవ్వలేదు.

పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రికి కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాను. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "కాగితంల సమజ్ కాదక్కా" అంటూ పెరట్లో ముగ్గు పోశాడు. ఇల్లు కట్టే ముందు పునాదికి పోసినట్టే, అసలు కొలతలతో. తలుపు ఇక్కడ, దాని పక్కనే వాష్‌బేసిన్, ఎదురు మూలలో కమోడ్, కిటికీ కింద స్నానం. నేను లోపలికీ బయటికీ నాలుగుసార్లు నడిచాను. కమోడ్ చోట పీట వేసుకుని కూర్చొని కూడా చూశాను. మా ఆయన నవ్వినా లెక్కచేయలేదు. తలుపు బయటికి తెరుచుకోవాలని, గడప ఉండొద్దని, నున్నటి టైల్స్ వద్దని చెప్పాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అప్పుడు అత్తమ్మను పెరట్లోకి తీసుకొచ్చాను. "ఇగ నువ్వు నడిచి చూడు" అని పక్కకు జరిగాను. ఆమె ముగ్గు అంచు దగ్గర ఆగిపోయింది. ఎంత చెప్పినా అడుగు వేయదు. వడ్ల అర్ర సంగతి ఇంకా మనసులో పెట్టుకుందని నాకు ఒళ్లు మండింది.

"ఏందత్తమ్మా, నీ కోసమే కద ఇదంత! ఇంకా లచ్చిమి మీదనే ఉన్నవా?" అని కసిరాను.

"కోపం చెయ్యకు బిడ్డా. గోడ ఏది? దేన్ని పట్టుకోని రావాలె?"

ఆమె ఎడమ చెయ్యి గాలిలో తడుముతోంది.

వెనక్కి తిరిగితే, తెరిచి ఉన్న గుమ్మంలోంచి నడవ గోడ కనిపించింది. ఆమె గది నుంచి పెరటి గుమ్మం దాకా, ఆ గోడ పొడవునా నల్లటి జిడ్డు గీత. తలనూనె చేతులతో గోడ పాడుచేస్తోందని ఏటా దసరాకు సున్నం వేయిస్తూ సణిగేదాన్ని. నెల తిరక్కుండానే గీత మళ్లీ తేలేది. ఆమె నడకంతా ఆ గీత మీదే ఉందని ఇన్నేళ్లూ నాకు తట్టలేదు. నాకు సిగ్గేసింది. ఆమె చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకెళ్లి గోడకు అప్పగించాను.

తర్వాత మేస్త్రిని లోపలికి పిలిచాను. "ఈ గోడ విడవకుండ కమోడ్ దాకా పోవాలె. మధ్యల ఏదీ అడ్డం రావద్దు."

"బేసిన్ అడ్డమొస్తది కదక్కా."

"బేసిన్ అవతలి గోడకు జరుపు. కమోడ్ ఇవతలికి తే."

"పైపు చుట్టు తిప్పాలె. పని పెరుగుతది."

"పెరగనియ్."

పట్టుకునే రాడ్డు అందరికీ నడుము ఎత్తులోనే పెడతామన్నాడు. నేను గీత చూపించాను. అది నా నడుముకు జానెడు కింద ఉంది. ఆమె వంగి నడిచే మనిషి. రంగులు వేసేవాళ్లు వచ్చి గీతను కప్పేసేలోగా దాని వెంట మేకులు కొట్టించాను. ఆ మేకుల ఎత్తులోనే స్టీలు రాడ్డు బిగించారు, ఆమె మంచం దగ్గర నుంచి కమోడ్ పక్క దాకా.

పనంతా అయ్యాక మొదటి రోజు, పగటి అన్నం తిని అత్తమ్మ లేచింది. నన్ను పిలవలేదు. నేను గరిటె పట్టుకుని, చూడనట్టే చూస్తూ వంటగదిలో నిలబడ్డాను. రాడ్డు మీద ఆమె చెయ్యి మెల్లగా జరుగుతూ పోయింది. తలుపు మూసుకుంది. ఆమె బయటికి వచ్చేదాకా నేను గరిటె కింద పెట్టలేదు.

"లచ్చిమి ఏమన్నదత్తమ్మా?" అన్నాను, ఆమె మంచం మీద కూర్చున్నాక.

"కాళ్లు మంచిగ కడుక్కోని పొమ్మన్నది" అంది.

మందుబిళ్ల చేతిలో పెట్టి, అలవాటుగా సగం గ్లాసు మజ్జిగ ఇచ్చాను. ఆ వేళప్పుడు అంతకు మించి ముట్టేది కాదు. ఆమె గ్లాసులోకి చూసింది, తర్వాత నా కేసి చూసింది.

"గింతేనా? నిండ పొయ్యి బిడ్డా."